ఎదురు చెప్పదు

"రాయనని చెప్పు మీ చెల్లికి," అన్నాడు బావ.

చెల్లి అక్కడే ఉంది. గుమ్మానికి ఆనుకుని, చేతులు కట్టుకుని, ఆయన చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడి ఉంది. అయినా ఆయన చెప్పింది పెళ్ళానికి.

"రాయరటే," అంది అక్క.

"వినబడింది. ఎందుకు రాయడో అడుగు."

"ఎందుకు రాయరూ అని అడుగుతోందండీ."

"అది దానికే తెలుసని చెప్పు."

"నీకే తెలుసట."

"నాకు తెలిసింది చెబితే తట్టుకోగలడేమో అడుగు."

అక్క ఆ మాట మోయలేదు. చేతిలో గరిటె గిన్నెలో పడేసి, కొంగుతో మొహం తుడుచుకుంది.

నిన్న సాయంత్రం బుల్లి నోరు తెరిచి "బావా, నాకో సిఫారసు ఉత్తరం కావాలి" అని అడిగింది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో మాటలన్నీ ఇలా చుట్టు తిరిగే నడుస్తున్నాయి. అక్క చెవిలోంచి వెళ్ళి అక్క నోట్లోంచి బయటికి రావాలి. "మంచినీళ్ళిమ్మను" అన్నా అక్కే. "ఆ లైటు తియ్యమను" అన్నా అక్కే.

"పోస్టుమానైనా ఆదివారం పడుకుంటాడే అమ్మాయ్. నీకా యోగం కూడా లేదు." మంచం మీద కూర్చుని చొక్కాకి గుండీ కుడుతున్న అత్తయ్య, తల ఎత్తకుండానే అంది. అత్తయ్యంటే బావను కన్న తల్లి. ఆ ఇంట్లో నోటికి తాళం లేని మనిషి ఆవిడ ఒక్కతే.

"నువ్వుండమ్మా."

"ఉంటాన్రా. ఎక్కడికి పోతాను? నన్ను పైకి పంపాలన్నా ఎవడో ఒకడు సిఫారసు చెయ్యాలి గదా."

ఎవరూ నవ్వలేదు. ఆ వేళ నవ్వే ఓపిక ఎవరికీ లేదు.

పెద్దాసుపత్రివాళ్ళకు సొంత లాండ్రీ ఉంది. అందులో ఇస్త్రీ రోలరు మీద పనికి మనిషి కావాలట. నెల తిరిగేసరికి జీతం, జబ్బు చేస్తే సెలవు, పని పోతే ఎందుకు పోయిందో రాసిచ్చే కాయితం. బుల్లికి ఆ పని నిద్రలో లేపి చెప్పినా వచ్చు. అయితే ఆఫీసులో కూర్చున్నావిడ ఆ పని సంగతే అడగలేదు. "రెండు ఉత్తరాలు తేవాలి. ఒకటి నీ మీద పెత్తనం చేసినవాళ్ళది, ఇంకోటి నీ పక్కన పనిచేసినవాళ్ళది. రేపు సాయంత్రం మేం తలుపులేసేలోపు. అవి లేని దరఖాస్తు మేం తెరవం కూడా" అంది.

ఆ రేపు ఇవాళే.

లోకం తీరు ఇది. ఒక చెయ్యి తడి దుప్పట్లెత్తి, ఆవిరికి ఉడికి, కాయలు కాసి పనిచేస్తుంది. ఆ చెయ్యి పనిచేసిందని నమ్మాలంటే ఇంకో చెయ్యి రాయాలి. ఆ రెండో చెయ్యి ఏనాడూ దుప్పటి ముట్టకపోయినా ఫరవాలేదు, దానికో సంతకం ఉంటే చాలు. అడుక్కునేవాడు గిన్నె చాచి కూడు అడుగుతాడు. ఒళ్ళొంచి పనిచేసేవాడు మాత్రం తన మంచితనాన్ని ఇంకొకడి నోట్లోంచి అడుక్కోవాలి. ఇందులో ఎవరిది ముష్టో నాకు తెలిసింది నేను చెప్పాను, మీకు తోచింది మీరు అనుకోండి.

బుల్లి మీద పెత్తనం చేసింది బావే. ఆమె పని పోగొట్టుకున్న లాండ్రీలో సూపర్‌వైజరు ఆయన. అక్కడికి హోటళ్ళ దుప్పట్లు మూటలు మూటలు వస్తాయి. వాటిని కాలే రోలరు కింద పెట్టి లాగితే అటు చివర సాపుగా బయటికొస్తాయి. రోలరు ముందు అడ్డంగా ఒక ఇనప కడ్డీ ఉంటుంది. దాన్ని గార్డంటారు. చెయ్యి లోపలికి పోబోతే గార్డుకు తగులుతుంది, తగిలితే రోలరు ఠక్కున ఆగిపోతుంది. మంచి ఏర్పాటే. అయితే దుప్పటి మడత లావుగా ఉన్నా అది తగులుతుంది, అప్పుడూ ఆగిపోతుంది. ఆగితే పని వెనకబడుతుంది. వెనకబడితే ఓనరుకు కోపం. అందుకని గార్డు కదలకుండా తీగ వేసి బిగించారు. అప్పట్నుంచీ రోలరు ఆగలేదు. అక్కడే పనిచేసే, అందరూ మడతల పిన్ని అని పిలిచే ఆమె కుడిచెయ్యి లోపలికి పోయినప్పుడు కూడా ఆగలేదు.

ఆ తర్వాత ఒకరోజు బుల్లి గోడ మీదున్న ఎర్ర బటను నొక్కేసింది. లైనంతా ఆగిపోయింది. "తీగ విప్పేదాకా నేను దుప్పటి పెట్టను" అంది. సాయంత్రానికి పని పోయింది, పేరు మిగిలింది. వీధిలో పిల్లలు కూడా ఇప్పుడామెను ఎర్రబటనూ అనే పిలుస్తారు.

"దానికేదో నేను పగపట్టి రాయడం లేదనుకుంటోంది," అన్నాడు బావ, పెళ్ళాం వైపు తిరిగి. "మా లైనులో ఉత్తరం ఎలా ఉంటుందో తెలీదా దానికి? మూడే ముక్కలు. నిజాయతీ గల మనిషి. వేళకు వస్తుంది. పైవాళ్ళకు ఎదురు చెప్పదు. ఇంతమంది వెళ్ళారు, అందరికీ అదే రాశాను, నాకూ ఎవరో అదే రాశారు. ఆ మూడో ముక్క లేకపోతే చదివేవాడు అక్కడితో ఆపి కాయితం పక్కన పెట్టేస్తాడు. ఓహో, ఇది నోరున్న సరుకు అని. మరి దీనికెలా రాయను? ముక్క పెడితే అబద్ధం. పెట్టకపోతే నేనే దాని నోట్లో మట్టి కొట్టినట్టు."

"నా నోట్లో ఏం పడాలో నేను చూసుకుంటానని చెప్పు."

"చూశావా? ఇదీ ఎదురు చెప్పడమంటే."

"దీన్ని జవాబంటారని చెప్పు."

అక్క రెండు చేతులూ పైకెత్తింది. "ఇద్దరూ ఆగండి. ఏమండీ, ఒక్క మాట. అబద్ధానికేం సుంకం కడతారా? ఆ మూడో ముక్క కూడా రాసి పడెయ్యండి. దాని పని దానికవుతుంది, మన ఇల్లు మనకు మిగులుతుంది."

 బావ లేచి, అల్మరా మీద నుంచి కాయితం, పెన్ను తెచ్చుకున్నాడు.

రాయడం ఎంతసేపో పట్టలేదు. ఆలోచించాల్సిన పనే లేదు, ఆయన చేతికి దారి తెలుసు. బళ్ళో ఎక్కాలప్పజెప్పినట్టు గబగబా రాసి, కింద సంతకం గీసి, ఇంత గాలి ఊది ఆరబెట్టి పెళ్ళాం చేతికిచ్చాడు.

అక్క మొహం విప్పారింది. రెండడుగుల్లో చెల్లి దగ్గరికొచ్చింది. "ఇదిగోనే, నీ ఉత్తరం. చదువు, చదువు."

బుల్లి చదివింది. పైకే చదివింది. "...నిజాయతీ గల మనిషి. వేళకు వస్తుంది." అక్కడ ఆగింది. "పైవాళ్ళకు ఎదురు చెప్పదు."

అత్తయ్య నోట్లో ఉన్న దారం ముక్క ఊడి కింద పడింది. "ఎవరే, ఎవరి గురించి రాశాడు?" అంది.

బుల్లి ఫక్కున నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. కాయితాన్ని బల్ల మీద పెట్టి, చేత్తో సాపు చేసి, బావ వైపు నెట్టింది.

"వద్దు," అంది.

"ఏంటే వద్దు?" అక్క గొంతు మారింది.

"ఈ ఉత్తరం వద్దు."

"నీకేమైనా పిచ్చా? నిన్నట్నుంచీ కావాలని చంపావు. ఇచ్చాక వద్దంటావా?"

"కావాల్సింది నా గురించి రాసిన ఉత్తరం. ఇది నా గురించి కాదు."

"ఉత్తరంలో ఏముంటే ఏంటే నీకు? అక్కడికెళ్ళి పని చేసుకో. ఎవడు చూడొచ్చాడు?"

"అక్కా, ఎదురు చెప్పదని రాయించుకుని లోపలికెళ్ళాననుకో. రేపు అక్కడా గార్డుకు తీగ కడతారు. నేను నోరు తెరిస్తే ఈ కాయితం తీసి నా మొహం ముందు పెడతారు. 'అమ్మా, నువ్విలా ఉంటానని రాయించుకొచ్చావు గదా' అంటారు. ఇది సిఫారసు కాదే. లోపల అడుగు పెట్టకముందే నా నోటికి తీగ కట్టించుకోవడం."

"తీగ, తీగ, తీగ! ఆ మాట వింటే ఒళ్ళు మండిపోతోంది నాకు." అక్క కూర్చుండిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాటిని కోపంగా తుడుచుకుంది. "అమ్మ పోయాక నిన్ను చంకనేసుకు తిరిగినదాన్ని. ఈ ఇంట్లో నీ కంచం బరువైందని ఏనాడైనా అన్నానా? అనలేదు. ఆయనా అనలేదు. కానీ ఆయన అనకముందే నువ్వు నీ కాళ్ళ మీద బయటికి నడవాలని ఉందే నాకు. తలెత్తుకుని నడవాలని."

"నాకూ తలెత్తుకునే నడవాలనుంది. అందుకే వద్దంటున్నా."

"నీ పట్టుదల కూడు పెడుతుందా?"

"పెట్టదు. నీ అబద్ధం పెడుతుంది, నాకు అరగదు."

"అయితే మాడు!"

ఇద్దరూ ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళే. ఒకే ముక్కు, ఒకే మొండితనం. పెద్దది దాన్ని పొయ్యి దగ్గర ఖర్చు పెట్టేసింది, చిన్నది దాచి ఉంచుకుంది. అంతే తేడా.

బావ చెంబెడు నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, ఎవరితోనని కాకుండా అన్నాడు. "నేను ముందే చెప్పాను గదా, రాయనని. నాకెందుకొచ్చిన గొడవ."

ఆ మాటకు అక్క తల తిప్పింది. కోపం అంతా చెల్లి మీద ఖర్చయిపోగా, ఇంకేదో మిగిలినట్టు ఆయన్నే చూసింది.

"ఇంతకీ," అంది నెమ్మదిగా, "ఆ తీగ కట్టిందెవరు?"



పనిపోయిన రోజు నుంచీ ఆ ఇంట్లో తీగ గురించి వంద మాటలు జరిగాయి. ఎందుకు కట్టారు, ఎప్పుడు కట్టారు, విప్పరా అని. కట్టిన చెయ్యి ఎవరిదని మాత్రం ఎవరూ అడగలేదు. బుల్లికి తెలుసు. తెలిసీ చెప్పలేదు. అది చెప్పి తను గెలిస్తే, ఓడేది అక్క సంసారమని ఇన్నాళ్ళూ పళ్ళ బిగువున ఆపుకుంది.

"అక్కా, అది వదిలెయ్," అంది.

వదిలెయ్ అనడంతోనే అక్కకు జవాబు దొరికిపోయింది.

బావ పెన్ను మూత తీశాడు. పెట్టాడు. మళ్ళీ తీశాడు. ఆయన బొటనవేలి మీద అడ్డంగా ఒక తెల్లటి గీత ఉంది, పాత గాయం మానిన గీత. అక్క దాన్నే చూస్తోంది.

"నేనే కట్టు కట్టాను ఆ వేలికి," అంది. "తలుపు సందులో పడిందన్నారు. తలుపు సందులో పడితే నలుగుతుంది గదా, ఇలా కోసినట్టు ఎందుకుందీ అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను."

అత్తయ్య సూది చొక్కాలో గుచ్చినది గుచ్చినట్టే ఉండిపోయింది.

"పిన్ని చెయ్యి కాలింది దాని తర్వాతే గదూ?" అంది అక్క.



అక్క లేచింది. పొయ్యి ఆర్పింది. గిన్నె మీద మూత పెట్టింది. ఏదీ విసిరికొట్టలేదు, అందుకే ఎక్కువ భయం వేసింది బుల్లికి.

"ఇకమీదట మీ ఇద్దరి మాటలూ నేను మొయ్యను," అంది. "దానికేం చెప్పాలో మీరే దాని మొహం చూసి చెప్పండి. నీకేం కావాలో నువ్వే ఆయన్నడుగు. నా నోరు నాక్కావాలి." గోడ వారగా పీట వాల్చుకుని కూర్చుంది, ఇద్దరికీ వీపు పెట్టి.

మాటలు మోసే మనిషి మానేసరికి ఆ గదిలో ఒక్కసారిగా చోటు ఎక్కువైపోయింది. ఎవరి మాట ఎటు విసరాలో తెలీలేదు.

చివరికి బావ తల్లి వైపు తిరిగాడు. "కట్టమన్నారమ్మా. పైనుంచి చెప్పారు, కట్టాను. నేను కట్టకపోతే ఇంకొకడు కట్టేవాడు."

"కట్టేవాడేరా," అంది అత్తయ్య. "ఆ ఇంకొకడు నా కొడుకయ్యేవాడు కాదు."

అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ అనలేదావిడ. జీవితంలో మొదటిసారి తక్కువ మాట్లాడింది.

బావ మెడ వంచుకు కూర్చున్నాడు. ఆయన చెడ్డవాడని నేను రాయను. చెడ్డవాళ్ళను పట్టుకుని కొడితే సరిపోయేట్టయితే ఈ లోకం ఎప్పుడో బాగుపడేది. పైవాడు చెప్పాడు, కిందివాడు కట్టాడు, ఇంకా కిందిమనిషి చెయ్యి కాలింది. తీగలో ప్రతి మెలికకీ ఒక మంచివాడు ఉంటాడు.

కాసేపటికి ఆయన ఇంకో కాయితం లాక్కున్నాడు.

ఈసారి చేతికి దారి తెలీలేదు. ఒక మాట రాసి ఆగాడు. కొట్టేశాడు. మళ్ళీ మొదలెట్టాడు. చిన్నప్పుడు పలక మీద దిద్దినట్టు ఒక్కో అక్షరం నొక్కి రాశాడు. చెమట కారి కాయితం మీద పడింది. రాసి, బల్ల మధ్యకు జరిపాడు.

బుల్లి ఒంగి చదివింది, ఈసారి లోపల్లోపలే.

'ఈమె నా కింద రోలరు మీద పనిచేసింది. పని బాగా వచ్చు. గార్డుకు తీగ కట్టి ఉండగా ఎర్ర బటను నొక్కి లైను ఆపింది. తీగ కట్టింది నేను. అంతకుముందు ఒకామె చెయ్యి కాలింది. ఈమె ఆపిన రోజున ఎవరి చెయ్యీ కాలలేదు. పని తీసేయడానికి వేరే కారణం లేదు.'

కింద సంతకం లేదు. సంతకం పెట్టాల్సిన చోట పెన్ను ఆనించిన చుక్క మాత్రం ఉంది.

"ఇది వెళ్తే దానికి ఉద్యోగం వస్తుందో రాదో," అన్నాడు బావ, బల్లతో. "నాది మాత్రం పోతుంది. ఈ ఇంట్లో పొయ్యి కూడా."

వీపు తిప్పుకు కూర్చున్న అక్క కదల్లేదు.

 ఇదే అడిగింది బుల్లి. ఇప్పుడది చేతికందేసరికి, ఇందులో తన కూడు ఎంతో అక్క కూడూ అంతే కనిపించింది. ఆ బల్ల మీద రెండు కాయితాలున్నాయి. సంతకమున్న అబద్ధం. సంతకం లేని నిజం.

నిజాన్ని తీసి మడిచింది.

"బావా," అంది, సూటిగా ఆయన మొహంలోకి చూస్తూ. "ఒక్క సంతకం ఉంటే నీ ఒక్కడి ఉద్యోగం పోతుంది. ఒక్కణ్ణి తీసెయ్యడం వాళ్ళకు చీపురు పుల్ల విరిచినంత పని, నన్ను విరిచారు గదా. షిఫ్టు మారే వేళయింది. గేటు దగ్గర అందరూ ఉంటారు. నేను వెళ్తున్నా. నీ సంతకం చోటు నీకు వదిలేసి, దాని కిందనుంచి వాళ్ళ పేర్లు మొదలెడతాను."

"ఒసే, రెండూ పట్టుకెళ్ళవే," అంది అత్తయ్య. "ఏది పనికొస్తే అదిద్దువుగానీ."

"వద్దత్తయ్యా. చేతిలో ఉంటే వాడాలనిపిస్తుంది."

చెప్పులేసుకుంది. పెన్ను కూడా బల్ల మీద నుంచే తీసుకుపోయింది.

*

లాండ్రీ గేటు దగ్గర గాలి ఎప్పుడూ సబ్బు వాసనే. పొద్దుటి షిఫ్టువాళ్ళు బయటికొస్తున్నారు, మొహాలు ఆవిరికి ఉబ్బి, వేళ్ళు నీళ్ళకు ముడతలు పడి. గేటవతల సిమెంటు తూము మీద కూర్చుని చెప్పుల్లో రాళ్ళు దులుపుకుంటున్నారు.

"ఒహో, ఎర్రబటను వచ్చిందర్రోయ్! పరిగెత్తండి, వీధి ఆగిపోతుంది," అంది ఒకామె.

"మళ్ళీ ఏం ఆపడానికే తల్లీ?"

"ఈసారి నడపడానికి," అంది బుల్లి. "తీగ ఇంకా ఉందా?"

నవ్వులు తగ్గాయి. "ఉంది. కొత్తది. పాతది తుప్పు పట్టిందని మార్చారు."

బుల్లి కాయితం విప్పి చదివింది. గట్టిగా, ఆగకుండా, తీగ కట్టింది నేను అన్న దగ్గర కూడా గొంతు తగ్గించకుండా.

"ఇది సూపర్‌వైజరు రాశాడా?" మడతల పిన్ని ముందుకొచ్చింది. కుడిచెయ్యి కొంగులో చుట్టి ఉంటుంది ఎప్పుడూ. నాలుగు వేళ్ళూ ఒకదానికొకటి అతుక్కుపోయి, దువ్వెనలా బిగుసుకుపోయాయి. దుప్పట్లు ఇప్పుడు ఎడమచేత్తోనూ గడ్డంతోనూ మడతపెడుతుంది. "వాడి చేతి రాతే?"

"ఆయన చేతి రాతే పిన్నీ."

"సంతకమేదీ?"

"ఇంకా పెట్టలేదు. అందుకే వచ్చా. నాకు ఆసుపత్రిలో రెండు ఉత్తరాలడిగారు. ఒకటి పైవాళ్ళది, ఒకటి పక్కవాళ్ళది. పక్కవాళ్ళంటే మీరే గదా, రెండూ ఈ ఒక్క కాయితంలోనే అయిపోతాయి. నన్ను మంచిదని రాయక్కర్లేదు. ఇందులో రాసింది నిజమని కింద మీ పేరు పెట్టండి. చాలు."

"మా ఉద్యోగాలో?" అంది ఒకామె. చంకలో మూట ఎత్తుకుని అప్పుడే సగం వెనక్కి తిరిగింది.

"అందరినీ తీసేస్తే దుప్పట్లు రోలర్లో ఎవరు పెడతారు? ఓనరా?"

"పెట్టమను, గార్డుకు తీగ కట్టే ఉంచుదాం," అంది ఇంకొకామె. కొందరు కిసుక్కున నవ్వారు. నవ్విన వాళ్ళంతా ముందుకు రాలేదు. మూట ఎత్తుకున్నామె, "నాకు పిల్లలున్నారే బుల్లీ, తిట్టుకోకు" అని వెళ్ళిపోయింది. ఆమెతో ఇంకో ఇద్దరు. బుల్లి వాళ్ళను ఆపలేదు. భయపడేవాళ్ళను తిట్టి ఎవరూ ఏమీ సాధించలేదు.

పిన్ని ఎడమచెయ్యి చాచింది. "ఇటివ్వు."

కాయితాన్ని గేటు స్తంభానికి ఆనించి, కొంగులో ఉన్న చెయ్యి బయటికి తీసి దాని మీద అదిమి పెట్టింది. ఆ చెయ్యి అందరూ చూశారు. రోజూ పక్కనే పనిచేస్తూ కూడా చూడనివాళ్ళు చూశారు. ఎడమచేత్తో, వంకర టింకరగా, నాలిక కొరుక్కుంటూ తన పేరు రాసింది.

"పైన ఖాళీ వదిలావేంటే?"

"మా బావకి."

"వస్తాడా?"

"షిఫ్టు ఆయనదే గదా. ఇటే రావాలి."

పిన్ని తర్వాత ఇంకొకామె. ఆమె తర్వాత ఇస్త్రీ వరసలో వాళ్ళు. సబ్బు బకెట్లు మోసేవాళ్ళు. కొందరు పేరు రాశారు, కొందరు వేలికి సిరా రాసుకుని ముద్ర వేశారు. ఖాళీ కింద పేర్లు నిండుతున్నాయి. ఖాళీ ఖాళీగానే ఉంది.

వీధి మలుపులో బావ కనిపించాడు. చేతిలో భోజనం డబ్బా. ఆయన వెనక, నాలుగడుగుల ఎడంగా, అక్క. ఇద్దరూ మాట్లాడుకుంటున్నట్టు లేరు. అయినా ఒకే దారిన వస్తున్నారు.

గుంపు కొంచెం విడిపోయి దారిచ్చింది. ఎవరూ నమస్కారం పెట్టలేదు. పిన్ని చెయ్యి మాత్రం మళ్ళీ కొంగులోకి పోలేదు. గేటు స్తంభం మీదే ఉంది. ఆయన దాన్ని దాటుకుని లోపలికి పోవాలి.

ఆగిపోయాడు.

పైన కిటికీ రెక్క తెరుచుకుంది. "ఏవయ్యా సూపర్‌వైజరూ!" ఓనరు గొంతు. "ఏంటక్కడ జాతర? ఆ పిల్ల మళ్ళీ వచ్చిందేంటి? ఏదో కాయితం తిప్పుతున్నారు, లాక్కుని పైకి పట్టుకురా."

బావ పైకి చూశాడు. బుల్లి చేతిలో కాయితం కేసి చూశాడు. చెయ్యి చాచాడు.

ఇవ్వాలా వద్దా?

ఇస్తే ఆయన మెట్లెక్కి పైకి పోవచ్చు. ఇన్ని పేర్లు, పిన్ని వంకర అక్షరాలు, అన్నీ ఓనరు బల్ల మీదికి పోవచ్చు. అందరూ బుల్లి మొహమే చూస్తున్నారు. అక్క కూడా. అయితే అక్క మొహంలో ఏ కబురూ లేదు. మొయ్యనని చెప్పింది, మొయ్యడం లేదు.

బుల్లి కాయితం ఇచ్చేసింది.

బావ నిలబడే చదివాడు. తను రాసింది కాదు, దాని కింద ఉన్నది. ఒక్కో పేరూ చదివాడు. పిన్ని పేరు దగ్గర కళ్ళు ఆగి, మళ్ళీ కదిలాయి. డబ్బా కింద పెట్టాడు.

"వినబడలేదా? పైకి తెమ్మంటున్నా!"

పైన కుర్చీ జరిగిన శబ్దం. మెట్ల మీద చెప్పులు టకటకమంటూ దిగుతున్నాయి.

"బుల్లీ," అన్నాడు బావ.

నిన్న సాయంత్రం నుంచి ఆమె మొహం చూసి అన్న మొదటి మాట అది. మధ్యలో ఎవరూ మోయలేదు.

"పెన్నివ్వు."

ఇచ్చింది. మూత తన గుప్పిట్లోనే ఉండిపోయిందని ఆమెకు తెలీలేదు. ఆయన కాయితాన్ని గేటు స్తంభానికి ఆనించాడు, కాలిన చేతికి పక్కనే. సంతకం పెడతాడో, పేర్లన్నిటి మీదా ఒక గీత గీసేస్తాడో ఆ వీపు చూస్తే ఏమీ తెలియడం లేదు. పెన్ను సంతకం చోటున్న ఆ పాత చుక్క మీద ఆనింది.

ఆఖరి మెట్టు మీద చెప్పుల చప్పుడు ఆగింది.